ముందు కోత, తర్వాత పరిగె

2023 సంక్రాంతికి వారం ముందు. రాత్రి తొమ్మిది దాటింది. ఆఫీసు క్యాబ్‌లో ఇంటికి వెళ్తుండగా తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశాడు. "సిస్టమ్ ఆన్ అవుతోంది తల్లీ, కానీ ఏ ఫోల్డర్ నొక్కినా పది నిమిషాలు అలా తిరుగుతూనే ఉంటోంది. లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది."

పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదాన్ని. ఆలోచించే పని లేకుండా నోటికి వచ్చేసింది. "చెక్‌డిస్క్ కొట్టు నాన్నా. నేను చెప్పినట్టు టైప్ చెయ్." ఒక్కో అక్షరం చెప్పాను, ఆయన ఒక్కో అక్షరం కొట్టాడు. డీ డ్రైవ్, స్లాష్ ఆర్. ఎంటర్.

అరగంటకి మళ్లీ ఫోన్. "ఏదో వరసగా పడుతోందమ్మాయ్. డిలీటింగ్ ఇండెక్స్ ఎంట్రీ, డిలీటింగ్ ఇండెక్స్ ఎంట్రీ అని. ఆపేయనా?"

"అదంతా చెత్త నాన్నా, శుభ్రం చేసుకోనీ. పొద్దున్నకి అయిపోతుంది, పడుకో" అన్నాను.

పొద్దున్నకి అయిపోయింది. సిస్టమ్ చక్కగా ఆన్ అయింది. డీ డ్రైవ్ కూడా టక్కున తెరుచుకుంది. అందులో పాటల ఫోల్డర్ మాత్రం లేదు.

ఆ ఫోల్డర్ సంగతి చెప్పాలి. నాన్న 1998 నుంచి తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాడు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపులో ఎవరూ ఉండని వేళ నాయనమ్మ వచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆవిడ పాడుతుంటే ఈయన నేరుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్‌తో కొట్టేవాడు. లాలి పాటలు, దంపుళ్ల పాటలు, వియ్యపురాలిని ఆట పట్టించే పెళ్లి పాటలు, మంగళహారతులు. 2003లో మొదలుపెట్టి 2009లో ఆవిడ పోయేదాకా మొత్తం 143 పాటలు, 11 ఫైళ్లు. టేపు చేయలేదు. కాగితం మీద ముందు రాసుకుని తర్వాత టైప్ చేసింది కూడా కాదు. కాగితం మీద ఉన్నదల్లా ఒక పాత డైరీలో ప్రతి పాటకీ మొదటి చరణం, దాని పక్కన ఫైలు నంబరు. అంతే.

బ్యాకప్ లేదా అని అడుగుతారు. ఉంది. 2006లో రెండు సీడీలు రాసి పెట్టాడు. ఒకదాని పైపొర పొట్టులా లేచిపోయింది. రెండోదాన్ని ఏ డ్రైవూ చదవలేదు.

ఆ వారం నాకు తెలిసినవాళ్లందరూ బ్యాకప్ గురించే చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అన్నారు. ఆ సామెత తెలియనివాళ్లు ఎవరున్నారు? కానీ చేతులు కాలాక ఏం చేయాలన్నది కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. మన ఇళ్లలో చెయ్యి కాలితే సిరా పోస్తారు, టూత్‌పేస్ట్ రాస్తారు. పక్కనే కుళాయి ఉంటుంది, దాని కింద చెయ్యి పెట్టాలని ఎవరికీ తోచదు. హార్డ్ డిస్క్ విషయంలోనూ జరిగేది ఇదే. డిస్క్ పాడవడం వల్ల పోయే డేటా కన్నా, అది పాడవుతోందని తెలిసిన మొదటి గంటలో మనం పూసే టూత్‌పేస్ట్ వల్ల పోయేది ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రాత్రి ఫోన్‌లో నేను పూసింది అదే. ఈ వ్యాసం రాస్తున్నదీ అందుకే.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే చెయ్యి ఆగుతుంది. హార్డ్ డిస్క్‌లో అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. నాన్న డిస్క్‌లో అవి నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. వాటి మీద రాసిందాన్ని చదివే హెడ్ పళ్లేన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం ఆ ఎత్తుకి వేల రెట్లు. హెడ్ బలహీనపడ్డా, పళ్లెం మీద ఎక్కడైనా గీత పడ్డా ఆ చోట చదవడం కష్టమవుతుంది. అప్పుడు డిస్క్ ఊరుకోదు. అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి చదవబోతుంది. నాన్న చూసిన "పది నిమిషాలు తిరగడం" అదే. మనకది స్లో అయినట్టు కనిపిస్తుంది గానీ, లోపల దెబ్బతిన్న హెడ్ అదే గుంటలో పదే పదే పడి లేస్తోంది. ఆ స్థితిలో డిస్క్ కరెంటు మీద ఉన్న ప్రతి నిమిషం దాని ఆయుష్షులోంచి పోయేదే. ఇంకెంత మిగిలిందో ఎవరికీ తెలియదు.

అలాంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ ఏం చేస్తుంది? అది పుట్టింది ఫైళ్లను కాపాడటానికి కాదు. డ్రైవ్ లెక్కలు సరిచూడటానికి. విండోస్‌లో ప్రతి డ్రైవ్‌కీ ఒక చిట్టా ఉంటుంది. ఏ ఫైలు పేరేమిటి, ఏ ఫోల్డర్‌లో ఉంది, పళ్లెం మీద ఎక్కడెక్కడ ముక్కలుగా పడుంది, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ చిట్టాలో ఒక పద్దు చదవడానికి రాలేదనుకోండి. చెక్‌డిస్క్ ఆ పద్దుకి సంబంధించిన ఎంట్రీలు కొట్టేసి, మిగిలిన లెక్క సరిపోయేలా చేస్తుంది. లెక్క సరిపోయింది కాబట్టి డ్రైవ్ టక్కున తెరుచుకుంటుంది. సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది, ఎక్కడుందో చెప్పే కాగితం మాత్రం చిరిగిపోతుంది. పైగా ఈ దిద్దుబాటంతా అదే డిస్క్ మీద రాస్తుంది. స్లాష్ ఆర్ అని కూడా చేరిస్తే డ్రైవ్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చదివిస్తుంది. కాలు విరిగినవాణ్ని ఊరు చుట్టూ నడిపించి ఎక్కడ నొప్పిగా ఉందని అడగడం లాంటిది.

చెక్‌డిస్క్ చెడ్డదని నేను అనను. డిస్క్ ఆరోగ్యంగా ఉండి, కరెంటు పోవడం వల్ల లెక్కలు తారుమారైనప్పుడు అది బాగా పనికొస్తుంది. రోజుకి నాలుగు సార్లు కరెంటు పోయే రోజుల్లో నాన్న షాపులో ఎన్నోసార్లు దానితోనే సిస్టమ్‌ను లేపాను. నా నోటికి ఆ మాట అంత తేలిగ్గా రావడానికి కారణం ఆ అలవాటే. రెండు జబ్బులకీ పైకి కనిపించే లక్షణం ఒకటే, ఫోల్డర్ తెరుచుకోదు. తేడా చెప్పేది శబ్దం, ఆలస్యం. నాన్న ఆ రెండూ చెప్పాడు. నేనే వినలేదు.

అసలు చిక్కు "రిపేర్" అనే మాటలో ఉంది. మన ఊళ్లలో ఏ షాపుకి సిస్టమ్ పట్టుకెళ్లినా అడిగే మొదటి ప్రశ్న "ఫార్మాట్ కొట్టెయ్యమంటారా?" లేదా "ఓఎస్ వేసేద్దామా?" షాపతనిదీ తప్పు కాదు. సిస్టమ్‌ను నడిపించి ఇస్తే డబ్బులొస్తాయి. అందులో ఏముందో అతనికి తెలియదు, మనమూ చెప్పం. "సిస్టమ్ బాగవ్వాలి" అనే చెబుతాం. ఆ కోరిక చాలా బాగా నెరవేరుతుంది, సిస్టమ్ బాగవుతుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను బాగుచేయకూడదు. బాగుచేసినా దాన్ని మళ్లీ నమ్మలేం. దాని నుంచి ఒక్కసారి, మక్కికి మక్కి నకలు తీసుకుని పక్కన పెట్టేయాలి. ఆ తర్వాత ప్రయోగాలన్నీ నకలు మీదే.

నాకు ఇంకా గట్టిగా అనిపించేది ఏమిటంటే, మన షాపుల్లో "ఫార్మాట్" ఒక పనిగా ఉన్నట్టే "నకలు" కూడా ఒక పనిగా ఉండాలి. సిస్టమ్ రాగానే ముందు డిస్క్ నకలు తీసి, నెల రోజులు దాచి, తర్వాత పని మొదలుపెట్టే షాపు ఉంటే నేను రెట్టింపు ఇస్తాను. దానికి కావలసింది ఒక పెద్ద డిస్క్, ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామ్, కాస్త ఓపిక. రిజిస్ట్రార్ ఆఫీసులో అసలు దస్తావేజు జోలికి వెళ్లకుండా నకలు తీసుకుని పని చేసుకునే అలవాటు మనకి ఉన్నదే.

ఫోల్డర్ లేదని నాన్న చెప్పగానే మొదటిసారి సరైన మాట అన్నాను. "వైరు పీకెయ్ నాన్నా. నేను వచ్చేదాకా ఆన్ చెయ్యొద్దు."

"షట్‌డౌన్ చెయ్యకుండానా?"

"చెయ్యకుండానే."

మామూలుగా ఆ మాట ఎవరికీ చెప్పను. కానీ షట్‌డౌన్ అంటే విండోస్ ఇంకాసేపు ఆ డిస్క్ మీదే ఏవేవో రాసుకుంటూ కూర్చుంటుంది. పోయిన ఫైలు ఉన్న చోటు ఖాళీ అని అది ఇప్పటికే లెక్క వేసుకుంది. ఆ చోట ఏది రాసినా నాయనమ్మ పాట మీద రాసినట్టే.

పండగ రద్దీలో దొరికిన రైలెక్కి, సంచిలో కొత్త ఒక టీబీ డిస్క్ పెట్టుకుని తెనాలి చేరాను. సిస్టమ్ విప్పి పాత డిస్క్ బయటికి తీశాను. 500 జీబీది, 2012లో కొన్నది. ఎక్స్‌టర్నల్ కేసులో పెట్టి యూఎస్‌బీకి తగిలించడం తేలికే గానీ, జబ్బు డిస్క్ మధ్యలో మొరాయిస్తే ఆ కేసుల్లోని చిప్ తికమకపడి కనెక్షన్ తెంపేస్తుంటుంది. అందుకని నేరుగా మదర్‌బోర్డు సాటా కేబుల్‌కే తగిలించాను. విండోస్‌ను అసలు లేవనివ్వలేదు. అది డిస్క్ కనిపించగానే తడిమి చూస్తుంది, నచ్చకపోతే "ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. ఎంతమంది ఆ ప్రశ్నకి కంగారులో ఓకే నొక్కి ఉంటారో. పెన్‌డ్రైవ్ మీద ఉన్న లినక్స్‌తో లేపాను. సిస్టమ్‌రెస్క్యూ అని ఉచితంగా దొరుకుతుంది, కావలసినవన్నీ అందులోనే ఉంటాయి.

ముందు డిస్క్ తన గురించి తాను ఏం చెబుతోందో చూశాను. ప్రతి హార్డ్ డిస్క్ స్మార్ట్ అనే పేరుతో తన ఆరోగ్యం లెక్కలు రాసుకుంటూ ఉంటుంది. పళ్లెం మీద డేటా రాసే చిన్న చిన్న గడులను సెక్టార్లు అంటారు. 5వ నంబరు పద్దు, పాడైపోయి బదులు చోటుకి మార్చిన సెక్టార్లు. 197వది, చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. మొదటిది 1,864. రెండోది 312. వాటి పైనే మొత్తం మీద ఆరోగ్యం ఎలా ఉందన్న చోట "పాస్డ్" అని రాసి ఉంది! ఆ ఒక్క మాట చూసి ధైర్యపడితే మునిగినట్టే. గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గర నడుస్తున్న లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ఒక పరిశోధనాపత్రం వేశారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ కనిపించిన డిస్క్, ఎర్రర్ లేని డిస్క్‌తో పోలిస్తే తర్వాతి 60 రోజుల్లో చనిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. చనిపోయిన డిస్క్‌ల్లో సగానికి పైగా, ముఖ్యమైన స్మార్ట్ పద్దుల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయని కూడా అందులోనే ఉంది. అంటే హెచ్చరిక వస్తే నమ్మాలి. రాలేదని నిశ్చింతగా ఉండకూడదు.

నకలు తీయడానికి వాడింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన రాసిన ఉచిత ప్రోగ్రామ్. అది ఏం చేస్తుందో నాన్నకి చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది, ఎందుకంటే ఆయన వ్యవసాయం చేసిన ఇంట్లో పుట్టినవాడు. మా డెల్టాలో కోతల సమయానికే తుఫాను హెచ్చరికలు వస్తుంటాయి. అప్పుడు ఎవరూ రాలిన కంకులు ఏరుకుంటూ కూర్చోరు. నిలబడి ఉన్న చేను ముందు కోసి, కుప్పేసి, కప్పేస్తారు. టైము మిగిలితే తర్వాత పరిగె ఏరుకుంటారు. డీడీరెస్క్యూ చేసేది అచ్చం అదే. తేలిగ్గా చదవడానికి వచ్చే చోట్లన్నీ ముందు గబగబా చదివేస్తుంది. ఎక్కడైనా డిస్క్ మొరాయిస్తే అక్కడ పట్టుబట్టకుండా దాటేసి ముందుకు వెళ్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదన్నది ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. మొత్తం ఒక చుట్టు అయ్యాకే వదిలేసిన చోట్లకి తిరిగి వచ్చి, అంచుల నుంచి లోపలికి, చివరికి ఒక్కో సెక్టారూ ఏరుతుంది. మధ్యలో కరెంటు పోయినా మ్యాప్ ఉంది కాబట్టి ఆగిన చోటి నుంచి మొదలుపెట్టొచ్చు. మామూలు కాపీ అయితే ఫైళ్ల వరసలో వెళ్తుంది. మొదటి గుంటలోనే కూలబడి, మంచి చోట్లు చదవకముందే డిస్క్‌ను చంపేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ కమాండ్‌లో మొదట రాసేది పాత డిస్క్ పేరు, తర్వాత రాసేది కొత్తది. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పాతదాని మీద పడుతుంది, ఇక దేవుడు కూడా ఏమీ చేయలేడు. డిస్క్‌ల సైజులు, మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకున్నాను. నాన్నని గట్టిగా చదవమని, స్క్రీన్ మీదిదానితో రెండుసార్లు సరిచూసుకుని ఎంటర్ నొక్కాను. నొక్కేటప్పుడు చెయ్యి వణికింది.

ఆ సైజు డిస్క్‌లో 97,67,73,168 సెక్టార్లు. ఒక్కోటి 512 బైట్లు. ఏడు గంటల్లో 99.1 శాతం వచ్చేసింది. వినడానికి చాలా ఉంది కదా? మిగిలిన 0.9 శాతం అంటే నాలుగున్నర జీబీ. నాయనమ్మ పాటలన్నీ కలిపినా అందులో వందో వంతు ఉండవు. అవన్నీ ఆ గుంటలోనే ఉండొచ్చు. అందుకని పరిగె ఏరడం మొదలైంది. నాలుగు రోజులు. టేబుల్ ఫ్యాన్ డిస్క్ వైపు తిప్పి పెట్టాం, వేడెక్కకుండా. భోగి మంట వేసి వచ్చి చూస్తే ఇంకా రెండు జీబీ. కనుమ నాటికి 38 ఎంబీ. సుమారు 74 వేల సెక్టార్లు. ఆ తర్వాత అంకె కదల్లేదు. నాన్న ఆ నాలుగు రోజులూ వచ్చే పోయే ప్రతిసారీ ఆగి స్క్రీన్ మీద అంకె చదివి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. నా ఫోన్ మాట గురించి ఒక్కసారీ ఎత్తలేదు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మాది తిరుగుతున్న డిస్క్, కంప్యూటర్‌కి కనిపిస్తున్న డిస్క్. మీది కింద పడిందా, ఆగకుండా టక్ టక్‌మని కొట్టుకుంటోందా, అసలు కనిపించడం లేదా, అయితే ఇంట్లో చేసేది ఏమీ లేదు. ఏ ప్రోగ్రామూ విరిగిన హెడ్‌ను అతికించదు. కరెంటు తీసేసి, దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పి హెడ్లు మార్చగలిగే ల్యాబ్‌కి పంపాలి. నేనూ ముందు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి ఫోన్ చేశాను, 28 వేలు అన్నారు. డిస్క్ కనిపించకపోయి ఉంటే ఆ డబ్బు కట్టేదాన్ని. కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు నాకు మూడే: ముందు నకలు తీస్తారా, తీసిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు తీసుకుంటారా, రాకపోతే డిస్క్‌ను ఉన్నదున్నట్టు తిరిగిస్తారా. తీసుకెళ్లేటప్పుడు ఇంట్లో ఏమేం చేశారో దాచకుండా చెప్పండి. డాక్టర్ దగ్గర నాటు మందు సంగతి దాచినట్టు దాయకండి.

ఫ్రీజర్‌లో పెడితే లేస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. పెట్టొద్దు. బయటికి తీయగానే మన గాలిలోని తేమ చల్లటి పళ్లేల మీద నీటి బొట్లయి కూర్చుంటుంది. నానోమీటర్ల ఎత్తులో తేలే హెడ్‌కి నీటి బొట్టు అంటే కొండే. అదే మోడల్ డిస్క్ కొని కింది బోర్డు మార్చేస్తే చాలంటారు ఇంకొందరు. పాత డిస్క్‌లకి అది సరిపోయేది. ఇప్పటి డిస్క్‌ల్లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే సర్దుబాట్ల లెక్క బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటుంది. ఆ చిప్‌ను కూడా మార్చకుండా బోర్డు మారిస్తే పని జరగదు.

నీళ్ల సంగతి 2024 సెప్టెంబరులో చూశాను. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్నివాళ్ల ఇంట్లో కంప్యూటర్ మూడు రోజులు నీళ్లలో ఉంది. బాబాయి డిస్క్ తీసి డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి ఆన్ చేశాడు. గీరుకున్న శబ్దం ఒక్కసారి వచ్చి ఆగిపోయిందట. ఎండిన బురద పళ్లేలకి అంటుకుపోయింది. తడిసిన డిస్క్‌ను ఎండబెట్టకూడదు, ఆన్ చేయకూడదు. తడిగానే కవర్‌లో కట్టి ల్యాబ్‌కి ఇవ్వాలి. ఇది ఎంత వింతగా అనిపించినా నిజం.

తడి, నిప్పు, పతనం కూడా డేటాకి చివరి మాట కాదని చెప్పడానికి నాకు తెలిసిన ఉదాహరణ కొలంబియా వ్యోమనౌక. 2003 ఫిబ్రవరి 1న అది ఆకాశంలోనే ముక్కలైంది. మన కల్పనా చావ్లా పోయింది అందులోనే. దాని శకలాల్లో ఒక హార్డ్ డిస్క్ దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు అందులో ఉన్నాయి. పైకి చూస్తే కరిగి మాడిన ఇనప ముద్ద. అమెరికాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ అనే సంస్థలో పళ్లేలు శుభ్రం చేసి వేరే డిస్క్ శరీరంలో పెట్టి చదివితే 99 శాతం డేటా వచ్చింది. ఆ ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఎందుకు వచ్చింది? రాసిన భాగం మీద పళ్లేలు గీసుకుపోలేదు, ఫైళ్లు చెల్లాచెదురు కాకుండా ఒకే చోట ఉన్నాయి. ఇంకొకటి నేను చేరుస్తాను. దొరికినప్పటి నుంచి ల్యాబ్‌కి వెళ్లేదాకా "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనే మనిషి దానికి ఎదురుకాలేదు.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద రాసే ఎస్‌ఎస్‌డీలు వేరే లోకం. అక్కడ డిలీట్ అయిన ఫైలు చోటును ట్రిమ్ అనే ఏర్పాటు వెనకాల తుడిచేస్తూ పోతుంది. నాన్నది ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే ఈ వ్యాసం మొదటి పేజీతోనే అయిపోయేది.

నకలు చేతికొచ్చాక దానికి ఇంకో నకలు తీసి, పాత డిస్క్‌ను డబ్బాలో పెట్టి, ఇక భయం లేకుండా వెతకడం మొదలుపెట్టాను. డీడీరెస్క్యూలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. చదవలేని చోట్లలో సున్నాల బదులు మనకి నచ్చిన గుర్తు మాట నింపొచ్చు. తర్వాత ఏ ఫైల్లో ఆ మాట కనిపిస్తే ఆ ఫైల్లో గాయం ఉన్నట్టు. లేకపోతే వేల ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి చూసుకోవాలి.

చెక్‌డిస్క్ తాను అనాథలుగా తేల్చిన ఫైళ్లను ఒక దాచిన ఫోల్డర్‌లో పడేస్తుంది. ఫౌండ్, చుక్క, మూడు సున్నాలు, అదీ దాని పేరు. అందులో ఆరు పాటల ఫైళ్లు దొరికాయి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చిట్టాలో కొట్టివేసిన పద్దుల ఆనవాళ్లు వెతికితే ఇంకో నాలుగు. ఆ నాలుగిట్లో ఒకటి తెరుచుకోలేదు, దాని మధ్యలో నా గుర్తు మాట ఉంది. పదకొండోది ఎక్కడా లేదు. దాని కోసం ఫోటోరెక్ నడిపాను. అది చిట్టాను పట్టించుకోదు, డిస్క్ అంతా తిరిగి ఫైలు మొదటి బైట్లను బట్టి గుర్తుపడుతుంది. జేపెగ్ ఫోటో అయితే ఎఫ్ఎఫ్ డీ8 అని మొదలవుతుంది, అలాగన్నమాట. పేర్లుండవు, నంబర్లతో వేల ఫైళ్లు వచ్చిపడతాయి. నా చిన్నప్పటి స్కూలు ఫోటోలు, ఎవరివో వందల శుభలేఖలు, 2013 నాటి ప్రశ్నపత్రాలు వచ్చాయి. పదకొండో ఫైలు రాలేదు. అందులో 12 పాటలున్నాయని డైరీ చెబుతోంది.

తెరుచుకోని ఫైలు సంగతి. దాన్ని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. చెత్త మధ్యలో అక్కడక్కడా యూరప్ భాషల అక్షరాలు, గుర్తులు వరసలు వరసలుగా ఉన్నాయి. పోయిందనుకున్నాను. నాన్న వెనక నుంచి వంగి చూసి, "ఫాంట్ మార్చు" అన్నాడు.

ప్రతి భాషలోని అక్షరాలకీ సొంత నంబర్లు ఇచ్చే యూనికోడ్ మన ఇళ్లలోకి రాకముందు తెలుగు టైపింగ్ అంటే అంతే. కంప్యూటర్‌కి తెలుగు అక్షరాలు ఉన్నాయనే తెలియదు. ఇంగ్లీషు, యూరప్ అక్షరాల నంబర్ల మీద తెలుగు బొమ్మలు అతికించినవే ఆ ఫాంట్లు. ఫైల్లో ఉండేది ఆ నంబర్లు, తెలుగు ఉండేది ఫాంట్‌లో. నోట్‌ప్యాడ్‌లో అంతా సెలెక్ట్ చేసి అను ఫాంట్ పెట్టాను. స్క్రీన్ నిండా ఒక్కసారిగా తెలుగు అక్షరాలు నిలబడ్డాయి. పైనా కిందా చెత్త, మధ్యలో నాయనమ్మ లాలి పాట, గుణింతాలతో సహా.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఈ సంగతే. 99.99 శాతం సెక్టార్లు వచ్చాయి. కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ పాటలు ఇప్పటికీ లేనట్టే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. తెలుగు నేల మీద పాతికేళ్ల పాటు డీటీపీ సెంటర్లలో కొట్టిన కథలు, ఊరి చరిత్రలు, వంశవృక్షాలు, చిన్న పత్రికల పాత సంచికలు ఇలా పాత డిస్క్‌ల్లో, పాత ఫాంట్లలో ఇరుక్కుని ఉన్నాయి. డిస్క్ బాగున్నంత మాత్రాన అవి భద్రంగా ఉన్నట్టు కాదు. మీ ఇంట్లో, మీ ఊళ్లో అలాంటి సిస్టమ్ ఏదైనా అటక మీద ఉంటే, ఆన్ చేసే ముందు దాని డిస్క్ నకలు తీయండి. తీశాక యూనికోడ్‌లోకి మార్చండి. మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. కాకపోతే ఒత్తుల దగ్గర, అరసున్నాల దగ్గర తప్పులు చేస్తాయి. పక్కన ఆ పాట తెలిసిన మనిషి కూర్చుని చూడాల్సిందే.

నేను ఒక్కో పాటా మారుస్తుంటే నాన్న డైరీ పట్టుకుని అటువైపు కూర్చుని సరిచూశాడు. మూడు నెలలు, శని ఆదివారాలు, వీడియో కాల్ మీద. 143లో 131 వచ్చాయి. అందులో ఒక్కటి మధ్యలో తెగింది. దంపుళ్ల పాట. ఎనిమిది చరణాల మేర ఖాళీ, ఆ ఖాళీలో నేను నింపిన గుర్తు మాట.

ఆ ఎనిమిది చరణాల కోసం బాపట్లలో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాం. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. నాన్న మొదటి చరణం అందించగానే ఆగకుండా పాడేసింది, చివరిదాకా. స్పీకర్‌లో వింటూ నేను టైప్ చేశాను. పోయిన భాగం పూర్తిగా దొరికింది. కానీ మా దగ్గరున్న మొదటి భాగంలో నాయనమ్మ "రోలు" అన్న చోట అత్త "రోకలి" అంటోంది. రెండు చోట్ల చరణాల వరస కూడా వేరు.

ఆ ఎనిమిదీ తీసుకెళ్లి ఖాళీలో పెట్టబోయాను. నాన్న వద్దన్నాడు.

"అది అక్క పాట తల్లీ, అమ్మది కాదు. వేరే ఫైల్లో పెట్టు. దాని పేరు పెట్టు."